బండి ఎక్కక ముందు

లైఫ్ జాకెట్లలో బకిల్ సరిగా పడేవి పదకొండే మిగిలాయి. తక్కిన తొమ్మిదింటికీ ఇన్నమ్మ పురికొస ముక్కలు కట్టి పెట్టుకుంది. వచ్చినవాళ్ళను చేతులు పైకెత్తమని, జాకెట్ తొడిగి, రొమ్ము దగ్గర ఒక ముడి, నడుం దగ్గర ఒక ముడి వేసి, లోపలికి రెండు వేళ్ళు దూర్చి బిగువు చూసి పంపుతుంది. ఏళ్ళ తరబడి మామిడికాయల బుట్టలకు మూతులు కట్టిన చేతులవి. ముడి వేస్తే జారదు. కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవడం మానేశాకే రాజేష్ గారు ఆమెను తోటపని నుంచి తప్పించి ఇక్కడ పెట్టారు.

ముసునూరు దాటాక, తోటల మధ్యనున్న చెరువు గట్టున ఆయన రిసార్టు కట్టి రెండేళ్ళయింది. చుట్టూ ఉన్న బంగినపల్లి తోటలూ ఆయనవే. శని, ఆదివారాల్లో బెజవాడ నుంచీ, ఏలూరు నుంచీ జనం వస్తారు. చెట్ల కింద భోజనం, చెరువులో షికారు. చిన్నా పెద్దా అందరికీ కావలసింది మాత్రం జెట్ స్కీ. ఇన్నమ్మ వాళ్ళ పేటలో దాన్ని నీళ్ళబండి అంటారు.

ఆ శనివారం పొద్దున దాన్ని నడిపే చార్లెస్ ఇంజను ఆపి, ఒడ్డున మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, బండి వెనక గొట్టంలో చుట్టుకున్న నాచు లాగుతున్నాడు.

"ముగ్గుర్ని ఎక్కించమంటున్నారక్కా," అన్నాడు తలెత్తకుండానే.

"ముగ్గుర్ని మొయ్యదా?"

"మోస్తుంది. నేను కాక ఇద్దరు. చివర కూర్చున్నవాళ్ళకి ముందున్నవాళ్ళ జాకెట్టే ఆధారం. నేను రైజ్ చేశానంటే వెనక్కి జారిపోతారు. జారితే పడేది ఇదిగో, దీని ముందే." అరచెయ్యి గొట్టం నోటికి అడ్డంగా పెట్టి చూపించాడు. "బండిని తోసేది ఇందులోంచి వచ్చే నీళ్ళే. కత్తిలా వస్తాయి. వైజాగ్‌లో మా మేనేజరు మందపాటి రబ్బరు ప్యాంటు లేకుండా ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. ఆడవాళ్ళనయితే అసలే."

"ఆడవాళ్ళనే ఎందుకు?"

చార్లెస్ నాచు ముద్ద దూరంగా విసిరాడు. "నీకు నా నోటితో చెప్పలేనక్కా. లోపల తెగిపోతుంది. అంతే."

"రాజేష్ గారికి చెప్పావా?"

"చెప్పాను. ఇది సముద్రం కాదురా, చెరువు అన్నారు."

మధ్యాహ్నం భోజనాలయ్యాక హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన ప్రైవేటు బడి టీచర్లు గట్టు మీద వరస కట్టారు. వాళ్ళలో సన్నగా, పొడుగ్గా, పల్చటి నీలం చుడీదార్ వేసుకున్న పిల్ల ఒకతె తన కళ్ళజోడు తీసి ఇన్నమ్మ చేతికిచ్చింది.

"కాస్త ఉంచండి ఆంటీ. ఇవి లేకపోతే నాకు ఒడ్డు కూడా కనపడదు," అని నవ్వింది.

ఆమె పేరు శ్రావణి అని తోటి టీచర్లు పిలిచినప్పుడు తెలిసింది. ఇన్నమ్మ ఆమెకు పురికొస జాకెట్ కట్టింది. చార్లెస్ వెనక ఒక లావుపాటి టీచరు, ఆమె వెనక శ్రావణి. బండి చెరువు మధ్యకు పోయి ఒక చుట్టు తిరిగింది. "స్పీడు, స్పీడు" అని గట్టు మీదివాళ్ళు అరిచారు. మెట్ల మీద నిలబడి రాజేష్ గారు కూడా చెయ్యి గాలిలో తిప్పారు. బండి ముక్కు పైకి లేచింది. నీలం చుడీదార్ వెనక్కి ఒరిగి, రెండు కాళ్ళూ గాలిలోకి లేచి, నురగలో పడిపోయింది.

గట్టు మీద అందరూ గొల్లున నవ్వారు. జాకెట్ ఆమెను తేల్చింది. చార్లెస్ బండి తిప్పుకొచ్చి చెయ్యి అందించాడు. ఆమె దాన్ని వెంటనే అందుకోలేదు. కాసేపు నీళ్ళలో ముడుచుకుని ఉండిపోయింది.

ఒడ్డుకు వచ్చాక అడుగులో అడుగు వేసుకుంటూ ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి నడిచింది. ఇన్నమ్మ కళ్ళజోడు పట్టుకుని వెనకే వెళ్ళింది. శ్రావణి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. కాళ్ళ వెంట కారుతున్న నీళ్ళు సిమెంటు నేల మీద ఎర్రగా పారుతున్నాయి.

"ఆంటీ, ప్యాడ్ ఉందా?"

ఇన్నమ్మ అలమారులోంచి ఒకటి తీసిచ్చింది. "నెలసరి డేటా అమ్మా?"

"కాదు. ఇంకా పన్నెండు రోజులుంది." ఆ పిల్ల గోడను వదలకుండానే ప్యాడ్ అందుకుంది. "పడ్డప్పుడు లోపల ఏదో చీల్చినట్టయింది. ఎవరితోనూ అనకండి. మా సార్లు కూడా వచ్చారు."

ఇన్నమ్మ ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, తడి బట్టలు విప్పడానికి సాయం చేసి, ఒంటికి తువ్వాలు చుట్టింది. తర్వాత గబగబా ఆఫీసు గదికి వెళ్ళింది.

"అయ్యా, ఆ పడిన అమ్మాయికి రక్తం పోతోందండి. ఆసుపత్రికి పంపిస్తే మంచిదండి."

రాజేష్ గారు ఫోను చెవి దగ్గర నుంచి దించారు. "తలకేమైనా తగిలిందా?"

"తలకి కాదండి." ఇన్నమ్మ నేలచూపులు చూసింది. "కిందండి."

ఆయన మొహం ఇబ్బందిగా పెట్టారు. "ఆడవాళ్ళ సంగతులు నాకెందుకు చెబుతావు ఇన్నమ్మా? టాబ్లెట్ ఏదైనా ఇచ్చి కూర్చోబెట్టు. నాలుక్కి వాళ్ళ బస్సు వెళ్ళిపోతుంది."

నాలుగింటికి బస్సు వెళ్ళిపోయింది. శ్రావణి కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, తల వెనక్కి వాల్చి ఉంది.

*

ఆదివారం ఇన్నమ్మ ప్రార్థనకు గుడికి వెళ్ళడానికి కుదరదు. వారం మొత్తంలో చెరువు దగ్గర రద్దీ ఆ రోజే. పదకొండు గంటలకు రాజేష్ గారు పిలిపించారు. తలుపు దగ్గరకు వేయమన్నారు.

"నిన్న పడిన అమ్మాయిని తెల్లారి నూజివీడు ఆసుపత్రిలో చేర్చారట. జ్వరం, కడుపునొప్పి. వాళ్ళ అమ్మ ఫోను చేసింది." ఆయన గొంతులో కోపం లేదు. "నువ్వు ఆ అమ్మాయికి ప్యాడ్ ఇచ్చావు కదా?"

"ఇచ్చానండి."

"ఎప్పుడు?"

"నీళ్ళలోంచి వచ్చాకండి."

"కాదు." పాఠం తప్పు చదివిన పిల్లను దిద్దినట్టు ఆయన నెమ్మదిగా అన్నారు. "బండి ఎక్కక ముందు ఇచ్చావు. ఆ అమ్మాయి వచ్చేటప్పటికే ఆ ఇబ్బందిలో ఉంది. వద్దని నువ్వు చెప్పినా ఎక్కింది."

ఇన్నమ్మ తలుపు వంక చూసింది.

"ఒక్క మాట ఇన్నమ్మా. ముందు అనడానికీ తర్వాత అనడానికీ ఎంత తేడా ఉంది? వాళ్ళు పోలీసుల దగ్గరికి పోతే, ఈ బండికి పర్మిషన్ ఏదని మొదటి ప్రశ్న వేస్తారు. నడిపిన చార్లెస్‌ని ముందు లోపల వేస్తారు. నేను స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే కోతలు ఎవరు చూస్తారు? మీ పేట నుంచి తోటలోకి ఎంతమంది వస్తున్నారు?"

"ఇరవై రెండు మందండి."

"మీ ఆయన కూడా అందులోనే కదా," అన్నారాయన. ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతుంటే వాటి మీద సెల్‌ఫోను పెట్టి, ఇక వెళ్ళమన్నట్టు తల ఊపారు.

గట్టు మీద చార్లెస్ బండి తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికీ కబురు అందినట్టుంది. ఇన్నమ్మను చూసి మొహం తిప్పుకున్నాడు. ముగ్గురేసి ఎక్కడం ఆ రోజూ ఆగలేదు. ఇన్నమ్మ ముడులు వేస్తూనే ఉంది. పల్చటి లెగ్గింగ్స్ వేసుకున్న కాలేజీ పిల్ల ఒకతె వస్తే, నడుం దగ్గర ముడి బిగిస్తూ చెవిలో చెప్పింది.

"నువ్వు చివర కూర్చోకమ్మా. మధ్యలో కూర్చో."

"ఏం ఆంటీ?"

"ఊరికే. జారుతుంది."

ఆ పిల్ల మధ్యలో కూర్చుంది. చివర ఆ పిల్ల చెల్లెలు కూర్చుంది. బండి తిరిగి ఒడ్డుకు వచ్చేదాకా ఇన్నమ్మ ఇంకొకరికి ముడి వేయలేకపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సువర్ణరాజు అరుగు మీద కూర్చుని మోచేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. మామిడి సొన పడి కాలిన చోటల్లా చర్మం నల్లగా ఊడి వస్తోంది. ఇన్నమ్మ అతని పక్కన కూర్చుని అంతా చెప్పింది. అతను నూనె రాయడం ఆపలేదు.

"నువ్వు చూసిందేంటి? రక్తం. ఆడవాళ్ళకి రక్తం రాదా?"

"ఎక్కేటప్పుడు లేదు. నేనే కదా జాకెట్ కట్టింది."

"నిన్నెవరైనా ఒట్టేసి చెప్పమన్నారా? లేదు కదా. ఊరుకో. ఇంకో ఇరవై రోజులు గడిస్తే కోతలయిపోతాయి. ఈ ఇరవై రోజులు మనం ఎవరికీ కనపడకూడదు."

"ఆ పిల్లకి ఏమన్నా అయితే?"

సువర్ణరాజు మోచేతి మీద ఊడిన చర్మాన్ని గోటితో లాగి, నెప్పికి మొహం చిట్లించాడు. "డాక్టర్లున్నారుగా," అన్నాడు.

*

సోమవారం పొద్దున రాజేష్ గారి కారు పేట మొదట్లో ఆగింది. వెనక సీట్లో చిన్నరసాల పెట్టె ఒకటి ఉంది. ఇన్నమ్మను దాని పక్కన కూర్చోమన్నారు.

"ఆడదానివి నువ్వు చెబితే వాళ్ళకి నమ్మకంగా ఉంటుంది. పరామర్శకి వచ్చామంటాను. వాళ్ళడిగితే నువ్వా మాట చెప్పు. అడక్కపోతే చెప్పకు."

అద్దాలు ఎత్తేసి ఉన్నాయి. ఏసీ చల్లదనంలో పండ్ల వాసన ముక్కుకు బరువుగా తగులుతోంది. ముందు కాయల లారీలు, ట్రాక్టర్లు. వాటి మధ్య కారు నత్తలా కదిలింది. ఇన్నమ్మ తలుపు పిడి మీద చెయ్యి వేసి చూసింది. దాన్ని ఎటు తిప్పితే తెరుచుకుంటుందో ఆమెకు తెలియదు.

ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో శ్రావణి తల్లి రాజ్యలక్ష్మి బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు రాత్రుల నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. రాజేష్ గారు పెట్టె కింద పెట్టి నమస్కారం చేశారు. ఆమె దాని వంక చూడలేదు. ఇన్నమ్మ ఎవరో తెలియగానే మణికట్టు పట్టుకుని మూలకు లాక్కుపోయింది.

"అమ్మా, నీకు దండం పెడతాను. నిజం చెప్పు. మా అమ్మాయి అక్కడ ఎవరితోనైనా ఎక్కడికైనా వెళ్ళిందా? ఇక్కడ నర్సులు అదోలా అడుగుతున్నారు. పెళ్ళి కాలేదు కదా, ఏమైనా మందులు మింగిందా అంటున్నారు. వాళ్ళ నాన్న రాత్రి నుంచీ దాని మొహం చూడటం లేదు."

"అయ్యో, అలాంటిదేమీ లేదమ్మా. అందరి మధ్యా ఉంది."

"మరి ఏంటిది?"

రాజేష్ గారు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. అంతలో గది తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికి వచ్చింది. నడివయసు మనిషి. చేతిలో ఫైలు.

"శనివారం ఈ అమ్మాయి దగ్గరున్నది మీరేనా? బ్లీడింగ్ ఎప్పుడు మొదలైంది?"

"వచ్చేటప్పటికే ఉందండి," రాజేష్ గారు అందుకున్నారు. "ఈవిడే ప్యాడ్ ఇచ్చింది. బండి ఎక్కక ముందే."

డాక్టరమ్మ ఇన్నమ్మ వైపు చూసింది. "అంతేనా?"

ఇన్నమ్మకు రోజూ తోటకు పోయే ట్రాక్టరు తొట్టిలో నిలబడ్డ పేట జనం కళ్ళ ముందు మెదిలారు. "ముందేనండి," అంది.

డాక్టరమ్మ ఫైలులో ఏదో రాసుకుంది. "అయితే అది పీరియడ్స్‌దే. జ్వరం వేరే ఇన్‌ఫెక్షన్ అయ్యుంటుంది. మందు మార్చి రేపటిదాకా చూద్దాం," అని రాజ్యలక్ష్మితో చెప్పి మెట్లు దిగింది. రాజేష్ గారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"పిల్లని ఒకసారి చూస్తానమ్మా," అంది ఇన్నమ్మ. రాజ్యలక్ష్మి తలుపు తోసింది.

శ్రావణి మోకాళ్ళు పైకి ముడుచుకుని పడుకుని ఉంది. పెదవులు ఎండి చీలిపోయాయి. దుప్పటి కింద పొట్ట ఉబ్బి, ఊపిరి పైపైనే ఆడుతోంది. కళ్ళజోడు లేని కళ్ళు చికిలించి గుర్తుపట్టింది.

"ఆంటీ, మీరొచ్చారా! మీరైనా చెప్పండి వీళ్ళకి." ఒక్కో మాటకూ ఆగుతోంది. "నాకు ముందు లేదు కదా. పడ్డాకే కదా. చెబితే ఎవరూ వినడం లేదు. భయంలో తేదీ లెక్క తప్పి ఉంటావంటున్నారు." ఆమె కంటి చివర నుంచి నీరు జారి చెవిలోకి పోయింది. "నేను లెక్కల టీచర్ని ఆంటీ."

ఇన్నమ్మ ఆమె పొట్ట మీద చెయ్యి వేసింది. పచ్చికాయలా గట్టిగా ఉంది. వేళ్ళు ఆనగానే ఆ పిల్ల ప్రాణం పోయినట్టు మూలిగింది.

ఇన్నమ్మ బయటికి వచ్చింది. "వెళ్దామా?" అన్నారు రాజేష్ గారు. ఆమె ఆయన పక్క నుంచే నడిచి మెట్లు దిగింది. కింద డాక్టరమ్మ గది ముందు ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. చీటీలు పిలిచే అమ్మాయి "వరసలో రండి" అని అరుస్తుంటే తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"నేను అబద్ధం చెప్పానండి."

డాక్టరమ్మ, ఆమె ఎదుట కూర్చున్న ముసలాయన తలెత్తి చూశారు.

"ముందు కాదండి. తర్వాత. నీళ్ళలో పడి లేచాక వచ్చిందండి రక్తం. నేను కళ్ళారా చూశాను. డేటుకి ఇంకా పన్నెండు రోజులుందని అప్పుడే చెప్పింది."

"నీళ్ళలో పడితే రక్తం ఎందుకొస్తుంది?"

ఆ మాటకు జవాబు నోటితో చెప్పలేక ఇన్నమ్మ మూలనున్న స్టూలు ముందుకు లాగింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్యకు నొక్కుకుని, దాని అంచు మీద కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి కూర్చుంది. ముసలాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"బండి మీద ఇలా కూర్చుందండి, అందరికంటే చివర. బండి లేచేసరికి ఇలా వెనక్కి పడింది. కాళ్ళు పైకి లేచాయి. గొట్టం ఇక్కడుంటుందండి." తన వెనక గాలిలో చెయ్యి పెట్టి చూపించింది. "బండిని తోసే నీళ్ళు అందులోంచి కత్తిలా వస్తాయంట. నడిపేవాడు చెప్పాడు. నేరుగా లోపలికి కొట్టాయండి. పల్చటి చుడీదారు. ఇంకేమీ లేదండి అడ్డం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. గోడ మీద గడియారం వంక చూసింది. "శనివారం ఎన్నింటికి?"

"రెండున్నరండి."

"దాదాపు రెండు రోజులు," అంది ఆమె తనలో తాను. ఫోను అందుకుని గబగబా మాట్లాడింది. స్కాను, సర్జను, ఆపరేషన్ గది అన్న మాటలు మాత్రం ఇన్నమ్మకు అర్థమయ్యాయి. తర్వాత ఆమె లేచి నిలబడింది. "పేగు చిరిగి ఉంటే విషం పొట్టంతా పాకుతుంది. మొన్ననే తెలియాల్సిన సంగతి. మీరు ఎక్కడికీ వెళ్ళకండి."

వరండాలో రాజేష్ గారు ఎదురొచ్చారు. అరవలేదు. కారు తాళాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు.

"బస్సులో రా," అన్నారు.

ఆపరేషన్ అయ్యేసరికి సాయంత్రమైంది. పెద్దపేగు చివర, పురీషనాళం దగ్గర చిరిగిందని, కుట్టి, పొట్ట కడిగామని, ప్రాణానికి భయం లేదని, మలం బయటికి పోవడానికి కొన్ని నెలలు పొట్ట మీద సంచి ఉంటుందని సర్జను చెప్పాడు. శ్రావణి తండ్రి గోడ వైపు తిరిగి, నుదురు దానికి ఆనించి, భుజాలు అదిరేలా ఏడ్చాడు. రాజ్యలక్ష్మి ఇన్నమ్మ దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందేమోనని ఇన్నమ్మ బిక్కచచ్చిపోయింది.

"శనివారమే చెప్పి ఉంటే ఆ సంచి ఉండేది కాదేమో కదా?"

తల్లి జవాబు కోసం నిలబడలేదు.

*

మంగళవారం ఏడు గంటలకు ట్రాక్టరు పేటలోకి వచ్చింది. కాయలు కోసే చిక్కాలు కట్టిన గెడలు, ఖాళీ ట్రేలు సర్ది జనం తొట్టిలోకి ఎక్కుతున్నారు. ఎవరూ ఇన్నమ్మ వైపు సూటిగా చూడటం లేదు. కోత మేస్త్రి రాములు డ్రైవరు పక్క నుంచి దిగి వాకిట్లోకి వచ్చాడు.

"సువర్ణరాజూ, నువ్వు రా. నీ పని నీకుంది. మీ ఆవిడని మటుకు చెరువు దగ్గరికి రానక్కర్లేదన్నారు." అతను చెప్పలేక చెబుతున్నట్టు మెడ రుద్దుకున్నాడు. "ఇవాళ ఆసుపత్రికి పోలీసులొస్తారంట. అక్కడ నోరు విప్పితే రేప్పొద్దున ఈ పేటకి ట్రాక్టరు రాదు. ఈ మాట చెప్పి రమ్మన్నారు. నా మాట కాదు."

తొట్టిలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ గెడలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఇన్నమ్మ గుమ్మంలో ఉంది. తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. ఆమె ఎటు బయల్దేరిందో అందరికీ తెలుస్తూనే ఉంది.

సువర్ణరాజు గెడ భుజాన వేసుకున్నాడు. "ఆ పిల్ల బతికిందా లేదా అని అడిగారా రాజేష్ గారు?" అన్నాడు.

రాములు నేల వంక చూశాడు.

సువర్ణరాజు వెళ్ళి తొట్టి పట్టుకుని పైకి ఎక్కాడు. ఎక్కాక వెనక్కి తిరిగి, "ఏడున్నర బస్సు పోతే మళ్ళీ తొమ్మిదింటిదాకా లేదు," అన్నాడు భార్యతో. ట్రాక్టరు కదిలింది.

ఇన్నమ్మ రోడ్డు మీదికి వచ్చేసరికి బస్‌స్టాపులో చార్లెస్ నిలబడి ఉన్నాడు. మాసిన గడ్డం, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా.

"నువ్వెక్కడికి?" అంది.

"తెలీదక్కా. పొద్దున్నించీ ఇక్కడే ఉన్నా. రెండు బస్సులు వదిలేశాను." అతను గొంతు తగ్గించాడు. "స్పీడు పెంచింది నేనే. ఆయన చెయ్యి ఊపారు, నిజమే. రైజ్ చేసింది మాత్రం నా చెయ్యి. ఆ మాట చెబితే నన్ను ఇంటికి పంపరు."

"పంపరేమో," అంది ఇన్నమ్మ.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కండక్టరుకు ఆధార్ కార్డు చూపించింది. అతను ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ చించి ఇచ్చి, ఆమె వెనక మెట్టు మీద నిలబడ్డ మనిషిని చూశాడు.

"నీకెక్కడికి? ఎక్కుతావా, దిగుతావా?"

చార్లెస్ లోపలికి వచ్చాడు. "నూజివీడు," అన్నాడు. "పోలీస్ స్టేషన్ దగ్గర దింపండి."

రెండు మలుపులు తిరిగాక బస్సు నెమ్మదించింది. ముందు పేట ట్రాక్టరు ఇరుకు రోడ్డు నిండా పోతోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ట్రాక్టరు తప్పుకోలేదు. ఇంకోసారి కొట్టాడు. తొట్టిలో ఇరవై రెండు మందీ ఇటు తిరిగి, అద్దంలోంచి ఇన్నమ్మను, ఆమె వెనక సీట్లో చార్లెస్‌ను చూశారు. ఒక్కరి మొహంలోనూ ఏమీ తెలియడం లేదు. ఇన్నమ్మ ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

తొట్టిలో సువర్ణరాజు లేచి నిలబడ్డాడు. ట్రేల మీదుగా ముందుకు వంగి, గెడతో ట్రాక్టరు డ్రైవరు సీటు వెనక రెండుసార్లు కొట్టి, "పక్కకి తియ్యరా, బస్సు పోవాలి," అని అరిచాడు.

ట్రాక్టరు మట్టి అంచులోకి దిగి ఆగింది. బస్సు దాన్ని దాటి ముందుకు పోయింది.